చవక మందుల సురేందర్

అమీర్‌పేట మెట్రో స్టేషను మెట్లు దిగి, కోచింగ్ సెంటర్ల కాగితాలు పంచేవాళ్లను తప్పించుకుని, జిరాక్సు షాపుల వరస దాటి ఎడమ చేతి గల్లీలోకి తిరిగితే, మొన్న మొన్నటి వరకూ ఒక చిన్న మందుల షాపు ఉండేది. ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆ షాపు నడిపినవాడి పేరు సురేందర్. గల్లీలో వాళ్లు చవక మందుల సురేందర్ అనేవారు. అందులో వెక్కిరింత ఏమీ లేదు. అదే గల్లీలో సోఫాలు బాగుచేసే సురేందర్ ఇంకొకడు ఉండేవాడు. గుర్తు కోసం అలా అనేవారు, అంతే.

సురేందర్‌ది జనగామ దగ్గర ఒక పల్లె. వరంగల్‌లో ఫార్మసీ డిప్లొమా చేసి పట్నం వచ్చాడు. ఎస్.ఆర్. నగర్‌లో నలుగురు కలిసి ఉండే గదిలో చేరి, కొన్ని నెలలు తిరిగి, ఒక మందుల కంపెనీలో రెప్‌గా కుదిరాడు. పంజాగుట్ట, అమీర్‌పేట క్లినిక్కులన్నీ ఆయన ఏరియా. టై కట్టుకుని, తోలు బ్యాగు భుజానికి తగిలించుకుని, ఆఖరి పేషెంటు బయటికి వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడేవాడు. తర్వాత డాక్టరు ముందు రెండు నిమిషాలు దొరికేవి. ఆ రెండు నిమిషాల్లో చెప్పాల్సింది ఒకటే మాట. "సార్, బజార్లోకి చవక రకాలు మస్తు వచ్చినయి. వాటితో రిజల్టు రాదు. మా బ్రాండు రాస్తే మీ పేరు నిలబడుతుంది."

ఆ మాట ఆయన జీతం కోసం మొదలుపెట్టాడు. అంటూ అంటూ ఉంటే నిజమే అనిపించసాగింది. ఇంట్లో కూడా అదే చెప్పేవాడు. భార్య మధులత బోరబండలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఆమె ఎప్పుడైనా కూతురు హరిణికి జ్వరం వచ్చిందని పక్క షాపులో పేరు తెలియని సిరప్ తెస్తే, సీసా తీసుకుని సింకులో పారబోసేవాడు. "ఇవి మందులు గావు లతా, సుద్దపొడి. పిల్లకు పొయ్యకు" అనేవాడు. పదిహేనేళ్ల పైచిలుకు ఆమె ఆ మాట వింటూ వచ్చింది.

ఒకసారి కంపెనీ వాళ్లు బాగా అమ్మిన రెప్‌లను బస్సులో ఎక్కించి ఊరి చివర ఉన్న ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకెళ్లారు. తలకు టోపీలు, కాళ్లకు సంచులు తొడిగి లోపలికి పంపారు. ఒక మెషీను నుంచి మాత్రలు జలజలా రాలుతున్నాయి. వాటిని రెండు చోట్ల ప్యాక్ చేస్తున్నారు. ఒక వైపు రేకు మీద తమ కంపెనీ బ్రాండు పేరు, రెండో వైపు రేకు మీద ఉత్త మందు పేరు. సురేందర్ నిలబడిపోయాడు. తిప్పి చూపిస్తున్న ఉద్యోగి, "అవి మనతో చేయించుకునే వేరే కంపెనీవి సార్. మందు ఇదే" అని తేలిగ్గా చెప్పి ముందుకు నడిచాడు. వచ్చేటప్పుడు బస్సులో అందరూ అంత్యాక్షరి ఆడుతుంటే సురేందర్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత కొంతకాలానికి ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుంది. నలభై దాటిన రెప్‌లను ఇంటికి పంపించేశారు. ఇంకెక్కడా పని దొరకలేదు. చేతికి వచ్చిన కొద్దిపాటి డబ్బుతో ఆయన అమీర్‌పేట గల్లీలో, బ్రాండు పేరు లేని జెనరిక్ మందుల షాపు తెరిచాడు. మధులత బడి నుంచి వచ్చాక మధ్యాహ్నాలు కౌంటరు దగ్గర కూర్చునేది.

మొదట్లో వచ్చిన ప్రతి మనిషీ ఒకటే అడిగేవాడు. "ఇంత తక్కువకు ఎట్లిస్తున్నవ్ భాయ్? దీంట్ల మందు ఉన్నదా అసలు?"

"పేరు లేదు కాబట్టి తక్కువ" అనేవాడు సురేందర్. "పేరు మోసుకుంట నాసొంటోడు బ్యాగు పట్టుకొని డాక్టర్ల సుట్టు తిరిగే పని లేదు. ఆ ఖర్చు లేదు. మందు అదే."

కొందరు నవ్వి వెళ్లిపోయేవారు. కొందరు దగ్గు మందు వరకు కొనేవారు. గుండెకో, షుగరుకో అంటే మాత్రం రోడ్డు మీద మెరిసే పెద్ద షాపుకే పోయేవారు. బ్రాండు మందు వంద అయ్యేచోట ఇక్కడ ఇరవైలోపు వస్తుందని తెలిసి కూడా పోయేవారు. ప్రాణం దగ్గర బేరమాడినట్టు వాళ్లకు అనిపించేది.

షాపు నిలబడటానికి కారణం అరుణాదేవి గారు. ఆమెది భీమవరం వైపు. భర్త పోయాక అమీర్‌పేటలోనే ఒక బిల్డింగు అద్దెకు తీసుకుని ఆడపిల్లల హాస్టలు నడుపుతోంది. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మొదటిసారి ఒక్క షీటు మాత్రలే కొంది.

"ఏంటండీ, ఇవి వేసుకుంటే నాకేమన్నా అయితే మిమ్మల్ని ఎక్కడ వెతుక్కోవాలి?" అంది.

"ఈడనే ఉంట మేడం. వారం వేసుకొని బీపీ చూపించుకోండ్రి. తగ్గకపోతే పైసలు వాపస్."

ఆమె రెండు చోట్ల బీపీ చూపించుకుంది. అదుపులోనే ఉంది. తర్వాతి నెల షుగరు మాత్రలు కూడా ఇక్కడే కొంది. ఆ తర్వాత హాస్టలు వంటమనిషిని పంపింది, థైరాయిడ్ ఉన్న పిల్లల్ని పంపింది, బల్కంపేట గుడి దగ్గర పరిచయమైన ఆడవాళ్లని తనే వెంటబెట్టుకుని వచ్చింది. "నేను వాడుతున్నాను కదా, నన్ను చూడండి" అని అందరికీ చెప్పేది. రెండో ఏడు వచ్చేసరికి సాయంత్రాలు కౌంటరు ముందు నలుగురు నిలబడే రోజులు వచ్చాయి.

ఆ ఏడు వానాకాలంలో ఒక ముసలాయన బీపీ మాత్రల షీటు వెనక్కి తెచ్చాడు. కౌంటరు దగ్గర మధులతే ఉంది. రేకు చించితే మాత్ర ముక్కలై, అరచేతిలో పొడి పడింది. ఇంకొకటి చించింది. అదీ అంతే. సురేందర్ వచ్చి ఆ డబ్బా మొత్తం పక్కన పెట్టి, కోఠిలో తనకు సరుకు ఇచ్చే హోల్‌సేల్ వ్యాపారికి ఫోన్ చేశాడు. "వానలు గద అన్నా, చెమ్మ పట్టి ఉంటది. వాపస్ పంపు, కొత్తయి ఇస్త" అన్నాడు అవతలి మనిషి.

ఫోన్ పెట్టేశాక మధులత అడిగింది. "చెమ్మ పట్టిందో, మొదటి నుంచే అట్ల ఉన్నదో మనకెట్ల తెలుస్తది?"

"బ్రాండు మందులు సుత ఇట్లైతయి లతా. దొంగ మందులు చేసేటోడు కూడా పేరున్నదే చేస్తడు. పేరు లేనిది చేస్తే వానికేం లాభం?"

"అది సరే. మనకెట్ల తెలుస్తది అంటున్న."

అప్పటి నుంచి కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా ఒక మాత్ర తీసి గ్లాసు నీళ్లలో వేసి, కరుగుతుందో లేదో చూసేవాడు. అలా చూస్తే తెలిసేది చాలా తక్కువని ఆయనకు తెలుసు. అయినా చూసేవాడు. మధులత కూడా పక్కన నిలబడి ఆ గ్లాసు కేసి చూసేది.

చలికాలం మొదట్లో, బడిలో బోర్డు మీద రాస్తూ మధులత చేయి పట్టేసినట్టయి కూలబడిపోయింది. దవడ నుంచి భుజం దాకా నొప్పి. తోటి టీచర్లు పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుండె రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. దాన్ని తెరిచి ఉంచడానికి స్టెంట్ వేశారు. దాచుకున్నదంతా ఆ ఒక్క వారంలో ఊడ్చుకుపోయింది.

ఇంటికి వచ్చాక సురేందర్ ఆమెను పంజాగుట్టలోనే ఉన్న డాక్టర్ రామ్మోహనరావు గారి దగ్గరికి తీసుకెళ్లాడు. రెప్‌గా తిరిగిన రోజుల నుంచీ ఆయనకు సురేందర్ తెలుసు. కాగితాలన్నీ చూసి ఆయన ఒక మాత్ర పేరు కింద రెండు గీతలు గీశాడు.

"ఇది రక్తం గడ్డకట్టకుండా చూసేది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఏడాది పాటు ఒక్క పూట కూడా మానకూడదమ్మా. మానితే స్టెంట్ మళ్లీ మూసుకుపోవచ్చు."

"సార్, మా షాపుల ఉన్నదే వాడొచ్చునా?" అని సురేందర్ అడిగాడు.

"మందు అదే అయితే వాడొచ్చు. అదేనా కాదా అన్నది నువ్వే చెప్పాలి. అమ్మేది నువ్వు."

మొదటి నెల ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన బ్రాండు మాత్రలు అయిపోయాక, సురేందర్ షాపు నుంచి నెలకు సరిపడా షీట్లు తెచ్చి మధులత చేతిలో పెట్టాడు. ఆమె వాటిని తిప్పి చూసింది. "సరే" అంది.

ఆరోగ్యం కుదుటపడింది. ఆ వారంలోనే మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం షాపులో కూర్చోవడం కూడా మొదలుపెట్టింది. వచ్చినవాళ్లు, "మేడం, గుండె గోలీలు సుత ఈడనే తీసుకోవచ్చునా?" అని అడిగితే తలూపేది. "మా ఆమెకు సుత ఇవే" అని సురేందర్ గర్వంగా చెప్పేవాడు. షాపుకి అంతకన్నా పెద్ద బోర్డు అక్కర్లేదనుకున్నాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం సురేందర్ సరుకు కోసం కోఠికి వెళ్లాడు. షాపులో మధులత ఉంది. అరుణాదేవి గారు తన మాత్రల కోసం వచ్చి స్టూలు మీద కూర్చుని కబుర్లు చెబుతోంది. పై అరలో ఉన్న డబ్బా అందుకోబోయిన మధులత మధ్యలోనే చేయి దించేసి, కౌంటరు పట్టుకుని నేల మీదికి జారిపోయింది. ఒళ్లంతా చెమట. అరుణాదేవి గారు కేకలు వేసి ఆటో పిలిపించి, మధులత తల తన ఒళ్లో పెట్టుకుని పంజాగుట్టకి తీసుకెళ్లింది.

సురేందర్ మెట్రోలో పరుగున వచ్చేసరికి ఆమెను లోపలికి తీసుకెళ్లారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు బయటికి వచ్చి అడిగాడు. "స్టెంట్ మూసుకుపోయింది. మందు మానేశారా?"

"లేదు సార్. ఒక్క పూట సుత తప్పలే. నేనే తెచ్చిస్తున్న."

"ఏ మందు?"

సురేందర్ కోఠి నుంచి తెచ్చిన సరుకు సంచిలోంచి అదే మందు షీటు తీసి చూపించాడు. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "జెనరిక్కా?" అన్నాడు. ఫైల్లో ఏదో రాసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట, అది అన్న తీరు, పక్కనే నిలబడ్డ అరుణాదేవి గారు విన్నది.

మధులత బతికింది. కానీ గుండెలో చాలా భాగం దెబ్బతింది. ఇక మీదట మెట్లెక్కడం, బరువులెత్తడం, గట్టిగా మాట్లాడటం కూడా కష్టమేనన్నారు. బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పడం అనేది ఇక లేదు.

అరుణాదేవి గారు చెడ్డ మనిషి కాదు. ఎవరి మీదా చాడీలు చెప్పలేదు. హాస్టల్లో వంటమనిషి అడిగితే జరిగింది చెప్పింది. పిల్లలు అడిగితే చెప్పింది. గుడి దగ్గర ఎవరో అడిగితే చెప్పింది. తర్వాతి నెల ఆమె మందుల కోసం రాలేదు. ఆమె పంపినవాళ్లూ రాలేదు. వచ్చినవాళ్లు దూదీ, గ్లూకోజు పొట్లాలూ అడిగారు. "మీ ఇంటామెకే అట్లైందట గద అన్నా" అని ఒకడు కౌంటరు మీద మోచేతులు ఆనించి జాలిగా అన్నాడు. సురేందర్ తల వంచుకున్నాడు. మందు తప్పు కాదని చెప్పాలంటే ముందు ఆయనకు నమ్మకం ఉండాలి. అదే పోయింది. భార్యకు తన చేత్తో సుద్దపొడి తినిపించానా అని ఆలోచిస్తూ, అడిగిన మాత్ర తీయబోయి చేయి అరల మధ్య ఆగిపోయేది. కొనేవాళ్లు అదీ గమనించారు.

ఒక రోజు రామ్మోహనరావు గారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పేషెంట్లందరూ వెళ్లేదాకా పాత అలవాటు కొద్దీ గోడకు ఆనుకునే ఉన్నాడు.

"సార్, నా మందు వల్లనే అయిందంటరా?"

"అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. మంచి మందు వేసుకున్నవాళ్లకి కూడా స్టెంట్ మూసుకుపోతుంది సురేందర్. ఎవరు చెప్పగలరు?"

"మీ ఇంట్ల మీరేం వాడుతరు సార్?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "బ్రాండే వాడతాను. అది గొప్పదని నాకు తెలిసి కాదు. ఇన్నేళ్లూ నువ్వు వచ్చి చెప్పావు, నీలాంటివాళ్లు ఇంకో పదిమంది చెప్పారు, నేను రాశాను. పేషెంటు బాగుపడితే మందు మంచిదనుకున్నాను. నేను మటుకు ఏ మాత్రనైనా పగలగొట్టి చూశానా? ఇప్పుడు నువ్వొచ్చి రెండూ ఒకటే అంటున్నావు. కాదనలేను, అవుననలేను."

సురేందర్ ఊరుకోలేకపోయాడు. పాత కంపెనీ స్నేహితుణ్ని పట్టుకుని, మందులు పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబుకి అదే బ్యాచ్ మాత్రలు పంపించాడు. ఆ ఖర్చు కోసం మధులత గాజులు అమ్మాల్సి వచ్చింది. ఆమె అడ్డు చెప్పలేదు. ఎందుకని అడగనూ లేదు. గాజులు తీసి మంచం మీద పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఫలితం వచ్చింది. మందు ఉండాల్సినంత ఉంది. కరగాల్సినట్టే కరుగుతోంది. ఏ లోపమూ లేదు. ఆ రోజు సురేందర్ మధ్యాహ్నమే షాపు మూసేసి, ఎస్.ఆర్. నగర్‌లో వాళ్లుంటున్న రెండో అంతస్తు మెట్లు గబగబా ఎక్కి వచ్చాడు.

"లతా! మందు మంచిదే. ల్యాబోళ్లు చెప్పిండ్రు. మన గోలీల తప్పు లేదు. నేను నిన్నేం చెయ్యలే లతా."

ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చాలా రోజుల తర్వాత నవ్వుతున్నాడు. మధులత లేచి కూర్చుంది. ఆయన మొహంలోకి చూసింది.

"నేను అవి వేసుకోలే" అంది.

ఆయనకు అర్థం కాలేదు. "ఏవి?"

"నువ్వు తెచ్చిన గోలీలు. ఒక్కటి సుత వేసుకోలే. రోజు రెండు చింపి బడిల చెత్తబుట్టల ఏసిన."

ఆమె ఆయాసపడుతూ, ఆగి ఆగి చెప్పింది. ఆదివారం ఆదివారం ఎర్రగడ్డ రైతుబజారుకు కూరగాయలకని పోయేది కదా. అక్కడ తనను ఎవరూ ఎరగరు. అక్కడి షాపులో ఆసుపత్రి వాళ్లు రాసిన బ్రాండే కొనుక్కునేది. బడి జీతంలోంచి కొంచెం, కూరగాయల్లోంచి కొంచెం మిగిల్చేది. ఎంత మిగిల్చినా రోజుకు రెండు మాత్రలు కొనేంత అయ్యేది కాదు.

"అందుకని రాత్రి పూట ఒక్కటే వేసుకున్న. అవి రెండు వేసుకునుడు కన్న, ఇది ఒక్కటి నయమనుకున్న."

"ఒక్క పూట సుత మానొద్దని డాక్టరు చెప్పిండు గద."

"చెప్పిండు. మంచిది ఒక్కటన్నా లోపలికి పోతున్నది గద అనుకున్న."

"నాతోని ఒక్క మాట చెప్తే ఏమైతుండె? నేనే కొనకపోదునా?"

"ఎట్ల చెప్పాలె? షాపుల కూసొని అందరికి ఇవి మంచియని చెప్తున్న. నాకు మాత్రం వద్దని నీతోని ఎట్లంట?" ఆమె ఊపిరి పీల్చుకుంది. "బీపీ గోలీలైతే వేసుకుందు. గిది గుండె గద. భయమైంది. ఆ రోజు రేకు చింపితే పొడి రాలింది చూడు, అదే కండ్ల ముందుకొచ్చేది. అంతకుముందు నువ్వే గద చెప్పినవ్, చవకయి సుద్దపొడి అని. ఇన్నేండ్లు విన్నది ఒక్క దినం మర్చిపొమ్మంటే ఎట్ల మర్చిపోత?"

నిందించినట్టు అనలేదు ఆ మాట. ఉన్నది చెప్పినట్టు అంది. సురేందర్ మంచం కోడుకు వీపు ఆనించి నేల మీద కూలబడ్డాడు. మంచి మందు ఇంట్లో ఉంది. దాన్ని ఆమె పారేసింది. ఇంకో మంచి మందును సగమే మింగింది. ఏ మందూ ఆమెను మోసం చేయలేదు. అయినా గుండె పోయింది.

మధులతే అంది. "అందరికి చెప్పు. నేను వేసుకోలేదని చెప్పు. షాపన్న నిలబడతది."

ఆయనకు మనసొప్పలేదు. కానీ షాపు అద్దె కట్టే రోజులు దగ్గరపడుతున్నాయి. హరిణి డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. రెండు రోజులు తటపటాయించి అరుణాదేవి గారి హాస్టలుకి వెళ్లాడు. ఆమె కూర్చోబెట్టి కాఫీ ఇప్పించింది. సురేందర్ అంతా చెప్పాడు. ల్యాబు వాళ్లు ఇచ్చిన కాగితం చూపించాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అయ్యో తల్లీ... ఎంత పని చేసింది! అయితే మందు తప్పేం లేదన్నమాట."

"లేదు మేడం. మీరు మల్ల తీసుకోవచ్చు. ఏం ఫికర్ లేదు."

అరుణాదేవి గారు కాగితం మడిచి ఆయన చేతికి ఇచ్చింది.

"ఏమనుకోకండి సురేందర్ గారూ. మీ ఆవిడ మీ పక్కనే కూర్చుని అమ్మింది. సరుకు ఎక్కడి నుంచి వస్తుందో ఆవిడకి తెలుసు. ఆవిడకే ధైర్యం చాలలేదు. బయటిదాన్ని, నాకెలా చాలుతుంది చెప్పండి?"

"కాగితం ఉన్నది గద మేడం."

"ఉంది. మంచిదే. కానీ మింగాల్సింది కాగితాన్ని కాదు కదా బాబూ."

సురేందర్ లేచి నమస్కారం పెట్టి వచ్చేశాడు.

ముందు కన్నా పెద్ద దెబ్బ ఇది. ఆయన నోటితోనే బయటికి వచ్చిన మాట గల్లీ అంతా తిరిగింది. జెనరిక్ వేసుకుంటే గుండెపోటు వచ్చిందని మొదట అనుకున్నవాళ్లు ఇప్పుడు, అమ్మేవాళ్లే మింగని మందులు మనకు అమ్మారని అనుకున్నారు. బీపీ మాత్రల ముసలాయన షాపు ముందుకు వచ్చి తిట్టి వెళ్లాడు. మధులత బడిలో తోటి టీచర్లు కొన్నాళ్లు చూడవచ్చి, తర్వాత మానేశారు. హరిణికి కాలేజీలో ఎవరో చెప్పారు. ఆ పిల్ల ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా తల్లి ముందు నిలబడింది.

"అమ్మా, నీకు నమ్మకం లేకపోతే వాళ్లందరికి ఎందుకిచ్చినవ్?"

మధులత నోరు తెరిచింది. ఊపిరాడక దగ్గు తెర వచ్చింది. హరిణి ఏడుస్తూ వంటింట్లోకి వెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ విషయం మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అప్పటి నుంచి మధులత కిటికీ తలుపు కూడా తీయనిచ్చేది కాదు.

దసరాకు ముందే షాపు మూతపడింది. రెండో అంతస్తు మెట్లు మధులత ఎక్కలేకపోతోంది కాబట్టి, ఇల్లు బోరబండలో ఒక గ్రౌండ్ ఫ్లోర్ గదికి మారింది. కూలిపనుల వాళ్లు ఉండే గల్లీ. పొద్దున్నే తలుపుల చప్పుడూ, నీళ్ల డ్రమ్ముల చప్పుడూ. సామాను సర్దుతుంటే అమ్ముడుపోని మందుల డబ్బాల్లో ఆ గుండె మాత్రలు కూడా ఉన్నాయి. ల్యాబుకు పంపిన బ్యాచే.

మధులత వాటిని చూసింది. "అవే ఇయ్యి. ఇప్పుడు వేసుకుంట. రెండు పూటల వేసుకుంట" అంది.

సురేందర్ ఒక షీటు తీశాడు. రేకు మీద బొటనవేలు పెట్టాడు. మందు మంచిదని తెలుసు. పరీక్ష చేయించింది ఆయనే. అయినా వేలు నొక్కలేకపోయాడు. ఆమె చేయి చాచి ఎదురుచూస్తోంది. ఇదిస్తే, రేపు ఈమెకేమైనా అయితే? ఆయన షీటు డబ్బాలో పడేసి, చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లి, మెయిన్ రోడ్డు మీద షాపులో బ్రాండు మాత్రలు కొనుక్కొచ్చాడు. మధులత వాటినే వేసుకుంది. అప్పటి నుంచీ అవే కొంటున్నాడు. జీతంలో పెద్ద ముక్క వాటికే పోతుంది. భయం ఆమెలోంచి దిగి ఆయనలోకి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు ఆయన పంజాగుట్ట చౌరస్తాలో ఒక పెద్ద మందుల షాపులో కౌంటరు మీద పనిచేస్తున్నాడు. ఏసీ ఉంటుంది. నీలం చొక్కా, జేబు మీద పేరు. చీటీ తీసుకుని, సరుకు తీసి, బిల్లు చేసి ఇవ్వడమే పని. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

ఈమధ్య ఒకరోజు సిమెంటు మరకల చొక్కాతో ఒక మనిషి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయేమో. తనకే గుండె ఆపరేషన్ అయిందట. చీటీ చేతికిచ్చి బిల్లు ఎంతవుతుందో అడిగాడు. సురేందర్ చెప్పాడు. ఆ మనిషి చీటీ కేసి, అరల కేసి చూశాడు.

"అన్నా, ఇదే మందు తక్కువల దొరుకుతదని ఎవరో చెప్పిండ్రు. నిజమేనా? మంచియేనా అవి?"

ఎక్కడ దొరుకుతాయో సురేందర్‌కు తెలుసు. నడిచిపోయేంత దూరమే. ఎంతకు దొరుకుతాయో కూడా తెలుసు. మేనేజరు అక్కడ లేడు, వినేవాళ్లూ లేరు. మంచివేనని చెప్తే ఈ మనిషి వెళ్లి కొనుక్కుంటాడు. తర్వాత ఏమైనా అయితే ఆ మాట తనదవుతుంది. కాదని చెప్తే అది అబద్ధం. ఆ మనిషి ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"నాకు తెల్వదన్నా" అన్నాడు సురేందర్. "డాక్టరు రాసిందే వాడు."

"అయితే నాలుగు దినాలకియ్యి."

"ఇవి నడుమ ఆపొద్దు. ఆపితే ప్రాణం మీదికొస్తది."

"తెలుసన్నా. కూలి పైసలు రాంగనే మల్ల వస్త."

సురేందర్ కత్తెర తీసుకుని షీటు అడ్డంగా కత్తిరించాడు. ఆ మనిషి ముక్కను చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద ఒకసారి తట్టుకుని, బస్టాపు వైపు వెళ్లిపోయాడు.

ఐదో రోజున సురేందర్ అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూశాడు. ఆరో రోజూ చూశాడు. ఆ మనిషి రాలేదు. ఇంకెక్కడైనా కొనుక్కున్నాడో, మానేశాడో సురేందర్‌కు తెలియదు. కౌంటరు ముందు వరస పెరుగుతోంది. ఆయన చేయి చాచి తర్వాతి చీటీ అందుకున్నాడు.